ఆర్‌వీ క్యాంపింగ్‌లో జనరేటర్ దొంగల పాలు కాకుండా ఎలా కాపాడుకోవాలి?

ఆర్‌వీ అంటే లోపలే పడుకుని, వండుకునే వీలున్న ఇల్లులాంటి బండి. దానికి కరెంటు కోసం తీసుకెళ్లే, పెట్రోల్‌తో నడిచే రెండు వేల వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ బరువు సుమారు 20 కిలోలు ఉంటుంది. మనం సులువుగా మోసుకెళ్లాలని కంపెనీవాళ్లు దానికి పైన హ్యాండిల్ పెడతారు. దొంగకి పనికొచ్చేది కూడా ఆ హ్యాండిలే. ఒక్కడే వచ్చి, ఒంటిచేత్తో ఎత్తి, డిక్కీలో పెట్టుకుని వెళ్లిపోగలడు. మనమేమో బండి ఆపి, జనరేటర్‌ని బయట పెట్టి, అలా నడిచొద్దామని వెళ్తాం. తిరిగొచ్చేసరికి నేల మీద నాలుగు కాళ్ల గుర్తులే మిగులుతాయి.

గొలుసు కొని కట్టేస్తే సరిపోదా అని చాలామంది అనుకుంటారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. దొంగ భయంతో జనరేటర్‌ని బండికి ఆనించి పెట్టాలనిపిస్తుంది. కానీ అందులోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే నడుస్తున్న జనరేటర్ కిటికీలకు, తలుపులకు కనీసం 20 అడుగుల దూరంలో, అంటే 6 మీటర్ల అవతల ఉండాలి. కాబట్టి నడిచేటప్పుడు ఒక ఏర్పాటు, ఆపాక ఇంకో ఏర్పాటు చేసుకోవాలి. నేను చెప్పే పద్ధతంతా దీని మీదే నడుస్తుంది.

బయల్దేరే ముందు ఇంట్లో చేయాల్సింది

సీరియల్ నంబర్‌ని దగ్గర నుంచి ఫొటో తీసి, ఫోన్‌లోనే కాకుండా ఇంకోచోట కూడా దాచండి. బిల్లు కూడా ఫొటో తీయండి. బయటికి కనపడేచోట పెద్ద అక్షరాలతో, మీదేనని తెలిసేలా ఒక గుర్తు చెక్కండి. పెయింట్ వేసినా ఫర్వాలేదు. గుర్తున్న సామాను అమ్ముకోవడం దొంగకి కష్టం. ఇది పది నిమిషాల పని.

గొలుసు దేని గుండా వెళ్లాలి?

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. పాడైపోయిన ఒక జనరేటర్ హ్యాండిల్‌ని ఒకసారి హ్యాక్సా బ్లేడుతో కోసి చూశాను. లోపల డొల్ల. పైన గట్టిగా కనిపించే ఆ ప్లాస్టిక్ మందం నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. రెండు నిమిషాల్లోపే తెగి చేతిలోకొచ్చింది. అలాంటి హ్యాండిల్‌కి ఎంత ఖరీదైన గొలుసు వేసినా, దొంగ గొలుసు జోలికే పోడు. హ్యాండిల్ కోసి జనరేటర్ పట్టుకుపోతాడు, గొలుసు మనకే మిగులుతుంది.

కొన్ని మోడళ్లకు హ్యాండిల్ లోపల ఇమిడే స్టీల్ గొట్టం విడిగా దొరుకుతుంది. గొలుసు ఆ గొట్టంలోంచి వెళ్తే ప్లాస్టిక్ కోసినా లాభముండదు. మీ మోడల్‌కి అలాంటిది ఉందేమో వెతకండి. లేదా అడుగున ఉండే ఇనుప భాగానికి కట్టే వీలుందేమో తిరగేసి చూడండి. మీ అంతట మీరు జనరేటర్ పై తొడుగుకి డ్రిల్లింగ్ మాత్రం చేయకండి, ఆ ప్లాస్టిక్ వెనకాలే పెట్రోల్ ట్యాంకు, వైర్లు ఉంటాయి. చుట్టూ ఇనుప పైపుల ఫ్రేమ్ ఉండే పెద్ద జనరేటర్లతో ఈ బాధ లేదు. ఫ్రేమ్ పైపు చుట్టూ తిప్పి కట్టేయవచ్చు. చక్రాలు ఉంటే కట్టేశాక వాటిని ఊడదీసి లోపల పెట్టుకోండి. దొర్లించుకుపోయేదాన్ని మోసుకుపోవాల్సి వస్తే చాలామంది వదిలేస్తారు.

గొలుసు, తాళం

అల్లిన స్టీల్ కేబుల్ చూడటానికి లావుగా ఉంటుంది, కానీ అది సన్నని తీగల కట్ట. మంచి కట్టర్‌తో కొరికితే తెగిపోతుంది. అటుగా వెళ్తూ చెయ్యి వేసేవాణ్ణి ఆపడానికి అది చాలు. పనిముట్లతో వచ్చినవాణ్ణి ఆపలేదు. రాత్రి కాపలాకి గట్టిపరిచిన ఉక్కు గొలుసు కావాలి, కడియం మందం కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి. 12 అయితే చేత్తో నొక్కే బోల్ట్ కట్టర్లు చాలావరకు లొంగదీయలేవు. బ్యాటరీ గ్రైండర్‌కి మాత్రం ఏ గొలుసైనా తెగుతుంది. కాకపోతే ఆ శబ్దానికి క్యాంప్ మొత్తం లేస్తుంది.

తాళం కప్ప కూడా గొలుసుకి తగ్గదే ఉండాలి. వంపు కడ్డీ బయటికి ఎక్కువగా కనపడని రకం తీసుకోండి, కట్టర్ నోరు పట్టడానికి చోటుండదు. తాళం వేశాక గొలుసుని ఒకసారి లాగి చూడండి. వేలాడుతూ నేలకి తగిలితే, కట్టర్ ఒక పిడిని నేలకి ఆనించి రెండో పిడి మీద ఒంటి బరువంతా వేయవచ్చు. అందుకే గొలుసు బిగుతుగా, నేలకి ఎత్తులో ఉండాలి. తాళం చెవి రంధ్రం కిందికి తిరిగి ఉంటే వాన నీళ్లు కూడా దిగవు.

బండికి ఎక్కడ కట్టాలి?

ఛాసిస్‌కి, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి కట్టండి, దానికి మించింది లేదు. వెనక హిచ్‌కి (ట్రైలర్ లాంటివి తగిలించడానికి బండి వెనక ఉండే ఇనుప గొట్టానికి) కట్టాలంటే, అందులో దూర్చిన కడ్డీకి పిన్ బదులు తాళం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పిన్ లాగి కడ్డీతో సహా తీసుకుపోతారు. బండి వెనక ఉండే నిచ్చెన పనికిరాదు. చాలా ట్రైలర్ల వెనక బంపర్లు పల్చటి రేకువి, వాటిని నమ్మవద్దు. గొలుసు బ్రేకు గొట్టాలకు, గ్యాస్ పైపుకి, వైర్లకు ఒరుసుకోకుండా చూడండి.

నడుస్తున్నప్పుడు

10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి రెండు కిలోల చొప్పున తూగుతుంది. ఆరు మీటర్ల గొలుసంటే పన్నెండు కిలోలు, ప్రతిసారీ మోయలేం. అందుకే పగటిపూట పొడవాటి కేబుల్ వాడండి, రాత్రికి పొట్టి, లావు గొలుసు వాడండి. దగ్గర్లో క్యాంప్‌సైట్‌లో సిమెంటులో పాతిన ఇనుప స్తంభం ఉండి, నిర్వాహకులు సరేనంటే దానికి కట్టుకోవచ్చు. నేలలోకి మర తిప్పి దింపే కొక్కేలు ఉంటాయి కానీ, దింపినట్టే వెనక్కి తిప్పి పీకేయవచ్చు.

కేబుల్ సైలెన్సర్ వైపు వెళ్లకూడదు, పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరిగిపోతుంది. పొగ మీ బండి వైపే కాదు, పక్కవాళ్ల కిటికీ వైపు కూడా పోకుండా తిప్పి పెట్టండి. దొంగల టెన్షన్‌తో జనరేటర్‌ని డిక్కీలోనో, సామాన్ల అరలోనో, గుడారం పరదా కిందో పెట్టి నడపవద్దు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూసుకోండి.

నడిచే జనరేటర్ మోతే సగం కాపలా. మోత ఉన్నట్టుండి ఆగితే వెంటనే బయటికి చూస్తాం. అందుకని అది నడిచేంతసేపు మీరు దగ్గర్లోనే ఉండండి. ఊరు చూడటానికి వెళ్లేటప్పుడు ఆపేసి, కట్టేసి వెళ్లండి.

ఆపాక, రాత్రికి

అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి. పెట్రోల్ వాల్వ్, మూత మీది గాలి మర రెండూ మూసి, బండి దగ్గరికి తెచ్చి లావు గొలుసుతో ఛాసిస్‌కి కట్టండి. దారి వైపు కాకుండా, మీరు పడుకునే గోడ పక్కన పెడితే చిన్న చప్పుడైనా వినిపిస్తుంది. చల్లారాక నల్లటి కవర్ కప్పండి, కనపడనిదాని మీద కన్ను పడదు. పడుకునే చోట మాత్రం పెట్టుకోవద్దు, పెట్రోల్ ఆవిరి నిప్పుతో సమానం. బయటి నుంచి తెరిచే, గాలాడే, తాళం పడే అర ఉంటే అందులో పెట్టవచ్చు.

కదిలితే మోగే అలారం తాళాలు ఈ వేళకి బాగా పనికొస్తాయి. నడుస్తున్న జనరేటర్‌కి పెడితే అదురుకే మోగుతూ ఉంటాయి. మనిషి కదిలితే వెలిగే సోలార్ లైటు ఒకటి దానివైపు తిప్పి పెట్టండి, వెలుతురు పక్కవాళ్ల మీద పడకుండా.

ట్రాకర్ పెట్టాలనుకుంటే ఒక సంగతి. బ్లూటూత్ బిళ్లలు చుట్టుపక్కల ఫోన్లు ఉంటేనే జాడ చెబుతాయి. అడవిలో ఫోన్లు ఎక్కడివి? సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్‌కీ సిగ్నల్ కావాలి. ఏదైనా సరే సైలెన్సర్‌కి దూరంగా, ఇనుప రేకు వెనక కాకుండా ప్లాస్టిక్ వెనక దాచండి. ఒకవేళ జనరేటర్ పోయి, జాడ తెలిసినా మీరే వెళ్లకండి. సీరియల్ నంబర్, ఫొటోలు పోలీసులకు ఇవ్వండి. క్యాంప్ నిర్వాహకులకు, బీమా కంపెనీకి కూడా చెప్పండి.

తెల్లారి బయల్దేరేటప్పుడు

గొలుసు ఛాసిస్‌కి ఉందన్న సంగతి మరిచిపోయి బండి కదిపితే జనరేటర్ నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. అందుకే ఆ తాళం చెవిని బండి తాళాల గుత్తికే తగిలించండి. స్టీరింగ్ ముందు కూర్చుని చెయ్యి తాళాల మీద పడగానే, వెనక కట్టి ఉన్నది గుర్తొస్తుంది.