పడవలో పడక – 3వ పాఠం: ముందు కాలు పెట్టే చోటు, తర్వాతే కోత

పోయిన పాఠంలో పరుపులన్నీ తీసేసి, పలకల కింద ఏముందో చూసి ఫోటోలు తీసుకోమన్నాను. తీసుకోనివాళ్లు ఈ పాఠం చదవండి గానీ రంపం మాత్రం ముట్టుకోకండి. ముక్కు వైపు, అంటే పడవ ముందు కొన వైపు ఉండే బెర్త్ కింద చాలా పడవల్లో మంచినీళ్ల ట్యాంకు ఉంటుంది, కొలత తెలియకుండా దించిన ఒక్క స్క్రూ చాలు దాన్ని పాడుచేయడానికి.

కొత్తగా చేరినవాళ్లకి కాస్త చెబుతాను. మాది 26 అడుగుల ఫైబర్ తెరచాప పడవ, చెన్నై హార్బర్‌లో ఉంటుంది. రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911లోనే మొదలైంది కాబట్టి ఈ రేవుకి తెరచాపలు కొత్త కాదు, కానీ ఇలాంటి పడవ లోపల పని తెలిసిన వడ్రంగి దొరకడం మాత్రం కష్టం, అందుకే నేనూ మా బాబాయీ సొంతంగా నేర్చుకున్నాం. ముక్కు భాగంలో రెండు పడకలు వి ఆకారంలో కలుస్తాయి. తలలు గది వైపు, కాళ్లు ముక్కు వైపు. మాకు పడవ అమ్మినాయన మధ్య ఖాళీని పలకతో శాశ్వతంగా మూసేసి పెద్ద డబుల్ బెడ్ చేసుకున్నాడు. చూడ్డానికి బాగుంటుంది. ఎక్కాలంటే మాత్రం తల పెట్టుకునే చోట మోకాళ్ల మీద పాకి, లోపల వెనక్కి తిరిగి, కాళ్లు ముందుకి జరుపుకోవాలి. బాబాయికి 64 ఏళ్లు, కుడి మోకాలు సరిగా వంగదు. మొదటి రాత్రి పడుకుని పొద్దున్నే ఒకటే మాటన్నాడు: "ఒరేయ్, నేను బాత్రూంకి లేవాలంటే ముందు నిన్ను లేపాల్సొస్తోందిరా."

ఆ మాట దగ్గరే మొదలుపెట్టండి. పడక పెద్దది కావాలా అని కాదు, నిద్రమత్తులో లేచినప్పుడు కాలు ఎక్కడ పడుతుంది, చెయ్యి ఏం పట్టుకుంటుంది అని చూడాలి. మేం చేసిన పరీక్ష చెబుతాను, మీరూ చేయండి. పడుకునే మనిషి కళ్లు మూసుకుని పడుకుని, కళ్లు తెరవకుండానే లేచి బయటికి రావాలి, ఐదుసార్లు. ఇంకొకరు పక్కన సుద్దముక్కతో చెయ్యి ఆనిన చోట, కాలు తగిలిన చోట గుర్తు పెట్టాలి. బాబాయి కుడిచెయ్యి ఐదుసార్లూ పైకప్పు దూలం మీద ఒకే చోట, ఇంచుమించు అరచేతి వెడల్పులోనే పడింది. కాలు మాత్రం ఐదుసార్లూ గాల్లోనే ఆగిపోయింది, నేల అందక. అంటే పైన ఒక పిడి, కింద ఒక మెట్టు, మధ్యలో మనిషి నిలబడేంత ఖాళీ కావాలి. మా డిజైన్ అంతా ఆ సుద్ద గుర్తుల్లోనే ఉంది.

ఇక, మూసేసిన ఆ మధ్య పలకని కోసి చేసే ఖాళీ ఎంత? మా బెర్త్ తల వైపు వెడల్పు 180 సెంటీమీటర్లు. భుజాల దగ్గర మనిషికి 60 ఇవ్వాలి, తగ్గించకండి. రెండు వైపులా 60 పోతే మధ్యలో 60 మిగులుతుంది. లోపలికి పోయేకొద్దీ పడవ సన్నబడుతుంది కాబట్టి కోత కూడా సన్నబడాలి, మేం 55 లోతుకి వెళ్లేసరికి 40కి తెచ్చాం. పాదాల దగ్గర ఒక్కొక్కరికి 35 ఉంటే సరిపోతుంది.

డబుల్ బెడ్ పోతుందని బాధపడేవాళ్లకి: పోదు. రైల్లో మిడిల్ బెర్త్ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వేసుకుని తర్వాత దించేస్తాం కదా, ఇక్కడ మధ్య పలకా అలాగే తీసి పెట్టుకునేదిగా చేస్తాం. ఇద్దరు పిల్లలు పడుకున్న రోజు వేస్తారు, బాబాయి పడుకున్న రోజు తీసేస్తారు.

ఇప్పుడు అట్ట. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె దొరికితే అంతకన్నా మంచిది లేదు. కోయబోయే ఆకారాన్ని అట్ట మీద గీసి కత్తిరించి పలక మీద పరవండి, అంచులు పెన్సిల్‌తో గీసుకోండి. మూలలు చతురస్రంగా వదలొద్దు, కాఫీ గ్లాసు కంటే పెద్దదేదైనా బోర్లించి గుండ్రంగా గీయండి. పడవ అలల మీద మెలితిరిగినప్పుడల్లా పదునైన మూల దగ్గరే పగులు మొదలవుతుంది.

ఎక్కడ కోయకూడదో కూడా తెలియాలి. పలక పడవ గోడని కలిసే చోట ఫైబర్ పట్టీ అంటించి ఉంటుంది, పడవ బిగువులో దానికీ భాగం ఉంది, దాని జోలికి వెళ్లకండి. గదుల మధ్య ఉండే అడ్డగోడనీ, తెరచాప కొయ్య బరువు మోసే స్తంభాన్నీ అస్సలు ముట్టుకోకండి. మీ పడవలో ఏది బరువు మోస్తోందో అనుమానం ఉంటే కోతకి ముందే తెలిసినవాళ్లకి చూపించండి. పడక ముందు నిలువు పలకని కోస్తే పైపలకకి ఆసరా పోతుంది కాబట్టి, కోసిన ఆకారం పొడవునా లోపల కొత్త నిలువు పలకలు నేల దాకా నిలబెట్టాలి. ఈ పనిని చాలామంది దాటేస్తారు, ఆర్నెల్లలో పైపలక కుంగుతుంది.

చెక్క విషయంలో మేం ఒకసారి దెబ్బతిన్నాం. ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక షాపులో "వాటర్‌ప్రూఫ్" అన్న మాట నమ్మి మామూలు ప్లైవుడ్ తెచ్చాం. ఈశాన్య రుతుపవనాల వానలు అయ్యేసరికి అంచు పొరలు తడిసిన పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి. పలక మీద ఐఎస్ 710 అన్న ముద్ర మీ కళ్లతో చూసి తీసుకోండి. మెరైన్ ప్లైకి, అంటే పడవల్లో వాడే ప్లైవుడ్‌కి మన దేశంలో ఉన్న ప్రమాణం అది, 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. 12 ఎంఎం చాలు. మెరైన్ ప్లై అయినా కోసిన అంచుల్లోంచి నీళ్లు తాగుతుంది, ప్రతి అంచుకీ, ప్రతి రంధ్రం లోపలికీ మూడు పూతలు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గడ్డకట్టే జిగురు) వేయండి. చెన్నై ఎండలో ఎపాక్సీ చాలా త్వరగా గడ్డకడుతుంది. లోతైన కప్పులో ఎక్కువ కలిపితే దాని వేడికి అదే ఉడికిపోతుంది, కొంచెం కొంచెం కలిపి వెడల్పాటి పళ్లెంలో పోసుకుని, పొద్దున్నే పని ముగించండి. చేతికి గ్లవ్స్, ఫైబర్ కోసేటప్పుడు మూతికి మంచి మాస్కు తప్పనిసరి.

మధ్య పలక కూర్చోవడానికి కోత చుట్టూ లోపలివైపు 25 ఎంఎం టేకు రీపులు బిగించండి, పైపలక కిందికి సరిగ్గా ఆనేలా. పైపలక మందం కూడా 12 ఎంఎం అయితే, దాని మీద 12 ఎంఎం పలక పెడితే రెండూ ఒకే మట్టంలో ఉంటాయి. చుట్టూ 3 ఎంఎం వదులు ఉంచండి, తేమకి ఉబ్బినా బిగుసుకోదు. పలక అడుగున మధ్యలో ఇంకో రీపు అడ్డంగా వేస్తే మనిషి బరువుకి వంగదు. వేళ్లు దూర్చి లేపడానికి రెండు 30 ఎంఎం రంధ్రాలు చేయండి, పరుపు అడుగున గాలి ఆడటానికీ అవే ఉపయోగం. పడవ ఒరిగినప్పుడు పలక ఎగిరిపోకుండా చెక్కతో చిన్న తిప్పుడు గడియ పెట్టండి.

స్క్రూలు 316 రకం (ఉప్పునీటిని బాగా తట్టుకునేది) స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడండి. డ్రిల్ బిట్‌కి ఎంత లోతు కావాలో అక్కడ టేపు చుట్టి, టేపు చెక్కకి తగలగానే ఆపేయండి. పడవ గోడ వైపు తవ్వేటప్పుడు ఈ టేపు లేకుండా పని మొదలుపెట్టకండి.

మెట్టు విషయం. మా బెర్త్ పరుపుతో కలిపి నేల నుంచి 85 సెంటీమీటర్లు. 30 ఎత్తు పెట్టెని మెట్టుగా బిగించాం, 55 మిగిలింది. మామూలు కుర్చీ కన్నా ఎక్కువే, కానీ మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి కాస్త ఎత్తైన సీటు మీంచి లేవడమే సులువు. మెట్టు పైన గరుకు పట్టీ అంటించండి. పిడిని మాత్రం స్క్రూలతో సరిపెట్టొద్దు, దూలంలోంచి బోల్టు దూర్చి వెనక పెద్ద వాషర్ వేయాలి, అలల మీద మనిషి మొత్తం బరువు దాని మీదే పడుతుంది. ఎక్కడ బిగించాలో సుద్ద గుర్తు చెబుతుంది.

అట్ట దశలోనే మనిషిని ఎక్కించి దింపి చూడండి. మా అట్ట మెట్టు మొదటిసారి 10 సెంటీమీటర్లు కుడికి జరపాల్సొచ్చింది. అట్టతో చూడబట్టి ఒక ప్లైవుడ్ షీటు మిగిలింది.

వచ్చే పాఠంలో ఫోమ్ కోత, కవర్లు కుట్టించడం. అప్పటికి మీ దగ్గర రెండు సిద్ధంగా ఉండాలి: పరీక్షించి చూసిన అట్ట నమూనా, ఐదుసార్ల సుద్ద గుర్తుల ఫోటో. ఈలోగా చెక్కపని కూడా అయిపోయినవాళ్లు చివరి పూత వేశాక మూడు రోజులు పరుపు వేయకుండా కిటికీలు తెరిచి ఉంచండి, వాసన పూర్తిగా పోయాకే పడుకోండి.