సబ్ కాంట్రాక్ట్ పనులు చేసేవాళ్లు హోమ్ లోన్‌కి ఎలా సిద్ధం కావాలి

ప్లాస్టరింగో, సెంట్రింగో, వైరింగో సబ్ కాంట్రాక్ట్‌కి తీసుకుని చేసుకునేవాళ్లు ఇల్లు కొనాలనుకుంటే బ్యాంకు మెట్లెక్కే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. సైట్‌లో మీకున్న పేరు, మీ పనితనం, చేతినిండా ఉన్న పని, ఇవేవీ బ్యాంకుకి కనపడవు. వాళ్లు చూసేది టాక్స్ రిటర్న్‌లో మీరు చూపించిన లాభం, ఖాతాలో పడిన డబ్బు. ఈ రెండూ ఒకే మాట చెప్పాలి. చాలా బ్యాంకులు కనీసం రెండేళ్ల రిటర్న్‌లు అడుగుతాయి కాబట్టి, వచ్చే ఏడాదో ఆపై ఏడాదో ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఈ ఏడాది లెక్కల నుంచే జాగ్రత్త పడాలి.

ముందు లాభం సంగతి. ఏడాది మొత్తం మీద మీకు 100 వచ్చిందనుకోండి, అందులో కూలీలకి, సామానుకి, డీజిల్‌కి 70 పోయింది, మిగిలింది 30. లోన్ లెక్క ఆ 30 మీదే. "నాకు అంత టర్నోవర్ ఉంది కదా" అని మనం ఎంత చెప్పినా ఆఫీసర్ వేలు ఆ కింది గీత దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు టాక్స్ తగ్గుతుందని దొరికిన ఖర్చల్లా రాసి ఆ 30ని 10 చేశామనుకోండి, టాక్స్ తగ్గిన మాట నిజమే, వచ్చే లోన్ కూడా మూడో వంతుకి పడిపోతుంది. రెండూ కావాలంటే కుదరదు. అలాగని లేని లాభం చూపించమని కాదు, అది తప్పు, పైగా పట్టుబడుతుంది. నిజంగా పెట్టిన ఖర్చు రాయండి, ఇంటి ఖర్చులు వ్యాపారంలో కలపకండి, ఇల్లు కొనే ఆలోచన ఉందని మీ ఆడిటర్‌కి ముందే చెప్పండి. మిషన్లు, వాహనాల మీద రాసే తరుగుదల చేతి నుంచి పోయిన డబ్బు కాదు కాబట్టి కొన్ని బ్యాంకులు దాన్ని మళ్లీ ఆదాయంలో కలిపి చూస్తాయి. ఈ విషయం వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు, మీరే అడగాలి.

సాధారణంగా రెండేళ్ల లాభాన్ని సగటు చేస్తారు. కానీ రెండో ఏడాది తగ్గితే సగటు వదిలేసి ఆ తక్కువ అంకెనే పట్టుకునే అవకాశం ఉంది, ఎందుకు తగ్గిందో కూడా అడుగుతారు. దెబ్బ తగిలి మూడు నెలలు మంచాన పడ్డారా, పెద్ద సైట్ ఆగిపోయిందా, కారణం ఏదైనా దానికి సంబంధించిన కాగితం ఉంచుకోండి.

ఇక బ్యాంకు స్టేట్‌మెంట్. నేను మొదటిసారి లోన్ కోసం కూర్చున్నప్పుడు ఆఫీసర్ స్టేట్‌మెంట్ మీద స్కేలు పెట్టి ఒక్కో వరుస కిందికి జరుపుకుంటూ వచ్చాడు. ఒక చోట స్కేలు ఆపి, పెన్నుతో సున్నా చుట్టి, "ఇదెక్కడిది?" అన్నాడు. అది పాత సైట్‌లో పట్టుకున్న రిటెన్షన్ డబ్బు, అంటే పని సరిగ్గా ఉందని తేలేదాకా బిల్లులోంచి ఆపి ఉంచే డబ్బు, ఏడాది తర్వాత మెయిన్ కాంట్రాక్టర్ నగదుగా ఇస్తే ఖాతాలో వేసుకున్నాను. నా కష్టార్జితమే, కానీ చూపించడానికి చిన్న చీటీ కూడా లేదు. దాన్ని లెక్కలోంచి తీసేశారు, నా డౌన్ పేమెంట్ అక్కడే తగ్గిపోయింది. ఆ రోజు పడ్డ బాధ నాకింకా గుర్తుంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. మన పనిలో బిల్లుకి 5 నుంచి 10 శాతం దాకా రిటెన్షన్ పట్టుకోవడం మామూలే. ఏ సైట్‌లో ఎంత ఆగింది, ఎప్పుడు రావాలి అనేది రాసిపెట్టుకోండి, డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి, ఏ బిల్లు తాలూకు అన్నది రాయించుకోండి. కూలీల డబ్బు, ఇంటి డబ్బు ఒకే ఖాతాలో తిరుగుతుంటే పని కోసం ఇవాళే వేరే ఖాతా తెరవండి.

బిల్లు ఇచ్చేటప్పుడే టాక్స్ కోసుకునే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. ఆ కోత అప్పటికి భారంగా అనిపించినా, లోన్ దగ్గర అదే మనకి పెద్ద సాక్ష్యం, ఎందుకంటే మనకి అంత పని డబ్బు వచ్చిందని డబ్బిచ్చినవాడే ప్రభుత్వానికి చెప్పినట్టు. బ్రిటన్‌లో నిర్మాణ రంగానికి సీఐఎస్ అనే పద్ధతి ఉంది, నమోదు చేసుకున్న సబ్ కాంట్రాక్టర్‌కి మామూలుగా 20 శాతం, నమోదు లేకపోతే 30 శాతం కోస్తారు. అక్కడ కొన్ని సంస్థలు లాభం బదులు, కోసినప్పుడు ఇచ్చే చీటీల్లో కోతకి ముందున్న మొత్తం చూసే లోన్ లెక్క వేస్తాయి. కోత చీటీలన్నీ నెలవారీగా ఒక ఫైల్లో పెట్టండి. వర్క్ ఆర్డర్లు కూడా అందులోనే, ముఖ్యంగా ఇంకా నడుస్తున్న సైట్లవి, ముందు ముందు కూడా పని ఉందని చూపించేవి అవే.

అప్పుల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, లోన్‌కి వెళ్లే ఆరు నెలల ముందు కొత్త వ్యాన్ కొనడం. ఆ ఈఎంఐ మీ ఆదాయంలోంచి తీసేసి మిగిలినదాని మీదే ఇంటి లోన్ లెక్క వేస్తారు. ఆగగలిగితే ఆగండి. ఎవరికైనా ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే అది కూడా బయటికొస్తుంది.

డౌన్ పేమెంట్‌తో చేతిలో డబ్బంతా ఖాళీ చేసుకోకండి. బిల్లు రావడానికి రెండు మూడు నెలలు పట్టే పని మనది, ఈఎంఐ మాత్రం తేదీ తప్పదు. నా లెక్కలో కనీసం ఆరు ఈఎంఐలకి సరిపడా డబ్బు ముట్టుకోకుండా ఉంచాలి.

ఒకేసారి నాలుగైదు బ్యాంకుల్లో అప్లై చేస్తే ఆ విచారణలన్నీ మీ క్రెడిట్ రికార్డులో పడతాయి. ముందు నోటితో అడిగి, సొంత పని చేసుకునేవాళ్లకి తరచూ లోన్ ఇచ్చే చోటు ఏదో తెలుసుకుని అక్కడే కాగితాలు ఇవ్వండి. ఒకరు కాదంటే కారణం అడగండి, అది సరిచేసుకున్నాకే ఇంకో చోటికి వెళ్లండి. లోన్ ఓకే అయ్యాక కూడా డబ్బు విడుదలయ్యేదాకా కొత్త అప్పు చేయొద్దు, ఖాతాలు మార్చొద్దు, డబ్బు ఇచ్చే ముందు వాళ్లు మీ రికార్డు ఇంకోసారి చూడొచ్చు.