ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏడు మోటర్లు: రైతులను ఒక మాట మీదికి తేవడం ఎలా?

మునుగోడు వైపు మా ఊళ్లో యాసంగి నాట్లు పడ్డాయంటే ట్రాన్స్‌ఫార్మర్ టెన్షన్ మొదలవుతుంది. మాది 25 కేవీఏది (కేవీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎంత లోడు మోయగలదో చెప్పే లెక్క). దాని మీద ఐదు హెచ్‌పీ మోటర్లు ఐదు, ఏడున్నరవి రెండు. అందరూ ఒకేసారి వేస్తే 40 హెచ్‌పీ. హెచ్‌పీకి ఒక కేవీఏ అని తక్కువలో తక్కువ లెక్క వేసినా అది మోయలేదు. ఈ సంగతి ఏడుగురికీ తెలుసు. అయినా వాళ్లను ఒక మాట మీద నిలబెట్టడం కప్పల తక్కెడే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కోసం అర్జీ పెట్టండి, కానీ అది వచ్చేదాకా వరి ఆగదు కదా. అందాకా ఇట్లా చేయండి.

ముందుగా, మీటింగ్ మాత్రం పెట్టొద్దు. నలుగురు ఒక్కచోట కూర్చుంటే ఎప్పటిదో గెట్టు పంచాయితీ పైకి వస్తుంది, కరెంటు ముచ్చట పక్కకు పోతుంది. పొద్దున్నే ఒక్కొక్కరి బాయికాడికి మీరే వెళ్లండి. మొదట ఏడున్నర మోటరు ఆయన దగ్గరికే. ఆయన ఒప్పుకుంటే మిగిలినవాళ్లు సగం ఒప్పుకున్నట్టే.

"నా బోర్ల నీళ్లున్నయి, నేనెందుకు ఆగాలె?" అంటాడు. వాదించకండి. "కాకా, ఇది కాలిపోతే మళ్లొచ్చేదాక నీ బత్తాయి తోట సంగతేంది?" అని అడిగి ఊరుకోండి. పిందె మీదున్న తోటకు నీళ్లు ఆగితే ఏమవుతుందో ఆయనకు మనం చెప్పాల్సిన పని లేదు.

తర్వాత కాగితం మీద రెండు జట్లు రాయండి. మాకు లెక్క బాగా కుదిరింది: ఏడున్నరవి రెండూ, ఐదుది ఒకటీ కలిపితే 20, మిగిలిన ఐదువి నాలుగు కలిపితే 20. ఒక జట్టు పగలు, ఇంకో జట్టు రాత్రి. రాత్రి వంతు ఎవరికీ ఇష్టం ఉండదు, కాబట్టి ఆదివారం ఆదివారం మార్చుకోవాలి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాకే ఈ వంతులు వీలయ్యాయి. అంతకుముందు ఇచ్చిన ఆ కొన్ని గంటల్లోనే అందరూ తడుపుకోవాలి, ఎవరిని ఆగమంటాం?

అసలు గొడవ ఆటో స్టార్టర్ దగ్గర, అంటే కరెంటు రాగానే మోటరును దానంతట అదే వేసే పెట్టె దగ్గర. కరెంటు పోయి వచ్చిందంటే ఆటో మీద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటరు మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. మరి తీసేయమంటే ముఖం మాడ్చుకుంటారు, అర్ధరాత్రి చేనుకు ఎవరు పోవాలని. అదీ న్యాయమే. అలాంటివాళ్లకు ఆలస్యంగా లేచే టైమర్ పెట్టించండి, ఒక్కొక్కరిది ఒక్కో నిమిషానికి. మోటరు మెకానిక్ వచ్చినరోజే కెపాసిటర్లు కూడా వేయించేయండి, అవి ఉంటే మోటరు లైన్ నుంచి గుంజే కరెంటు తగ్గుతుంది: ఐదు హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు లెక్క), ఏడున్నరకు 3. దీనికి పెద్దగా ఎవరూ అడ్డం చెప్పరు.

ఫ్యూజు పోతే లైన్‌మన్‌కు ఫోన్ చేయండి, ఆయన ఎత్తకపోతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు. మీరు చేయి పెట్టొద్దు, పెట్టేవాణ్ణి పెట్టనీయొద్దు. ఫ్యూజు తీగకు బదులు లావు తీగ చుట్టే మొనగాడు ప్రతి ఊళ్లో ఉంటాడు. అతని వల్ల కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు తక్కువేం కాదు.

ఇక పైసలు. ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు దాన్ని దించి రిపేరుకు తీసుకుపోయే ట్రాక్టర్ కిరాయి, కూలీల ఖర్చు మా దగ్గర మేమే వేసుకుంటాం. తలకింత అనకండి, హెచ్‌పీకింత అనండి. ఖర్చు నాలుగు వేలయితే హెచ్‌పీకి వంద: చిన్న మోటరుకు 500, పెద్దదానికి 750. కాలిన రోజు అడిగితే ఎవరి జేబులోనూ ఉండవు. వడ్ల పైసలు ఖాతాలో పడ్డ వారంలోనే వసూలు చేసి పెట్టుకోవాలి. లెక్క ఎవరు పట్టాలంటే, ప్రతిదానికీ పేచీ పెట్టేవాడే. మా బావకు నోట్‌బుక్ ఇచ్చాం. ఇప్పుడు రూపాయి తక్కువైనా ఆయనే ఇంటికిపోయి అడుగుతున్నాడు.

అప్పటికీ ఇవ్వని ఒక్కడు మిగులుతాడు. కోపంలో అతని వైరు పీకొద్దు, అది పోలీస్ స్టేషన్ దాకా పోతుంది. అతనికి ట్రాక్టర్ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ దించేరోజు దాన్ని తెమ్మనండి, డీజిల్ అతనిదే. ట్రాక్టర్ లేకపోతే కూలీల్లో ఒక మనిషిగా రమ్మనండి. నోట్‌బుక్‌లో అతని పేరు ఎదురుగా 'ముట్టింది' అనే రాయించండి.