గళ్ళ నుడికట్టులో (క్రాస్‌వర్డ్‌లో) మనుషుల పరిచయాల గురించిన ఆధారాలను పూరించడం ఎలా?

పెన్సిలు, రబ్బరు, ఒక మంచి నిఘంటువు ఉంటే చాలు. పెన్నుతో గడి నింపకూడదు. అడ్డంగానో నిలువుగానో కనీసం ఒక అక్షరం పడేదాకా నిఘంటువు తెరవకూడదు.

ముందుగా ఆధారం చివర ఉన్న అంకెను చూడండి, సమాధానం ఎన్ని గళ్ళదో అదే చెబుతుంది. తెలుగు నుడికట్టులో గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ అక్షరంతోపాటే ఒకే గడిలో ఉంటాయి. అందుచేత ‘పరిచయం’ 4 గళ్ళ మాట, ‘పరిచయము’ 5 గళ్ళ మాట. అలాగే ‘స్నేహం’ 2, ‘స్నేహము’ 3. ఒక గడి మిగిలిందని సరైన మాటను వదిలేసేవారు ఈ ‘ము’ను ఒకసారి తలచుకోవాలి.

తరువాత, అడుగుతున్నది మనిషినా, బంధాన్నా, పనినా అన్నది తేల్చుకోండి. ‘తెలిసినవాడు’ అంటే పరిచితుడు, ‘తెలిసినవారు’ అంటే పరిచితులు. రెండూ 5 గళ్ళే కనుక, ఆధారాన్ని మళ్ళీ చదివి నిర్ధారించుకునేవరకు చివరి గడిని ఖాళీగా ఉంచాలి. ‘తొలి కలయికలో చేతులు కలపడం’ అంటే అడిగింది పని, అంటే కరచాలనం.

ఇక్కడివరకు ఎవరైనా చేయగలరు. గూఢమైన ఆధారాల దగ్గరే చాలామంది తప్పుదారి పడతారు. మనుషుల పరిచయం గురించిన ఆధారాలలో కలవడం, చేరడం, దగ్గరవడం వంటి మాటలు తరచుగా వస్తాయి. చిక్కేమిటంటే, అక్షరాలను కలపమనీ చేర్చమనీ చెప్పడానికి కూర్పరులు (నుడికట్టును తయారుచేసేవారు) వాడేవి కూడా అవే మాటలు. కాబట్టి ‘కలిసి’ అని కనిపించగానే అది అర్థంలో భాగమా, ఆదేశమా అని విడిగా ప్రశ్నించుకోవాలి.

‘ఒంటితో మూడు కలిస్తే స్నేహం (2)’ అనే ఆధారాన్ని తీసుకుందాం. ఇక్కడ ‘కలిస్తే’ ఆదేశం. ఒంటరితనం గురించి ఆలోచించినంతసేపూ సమాధానం దొరకదు. ఒళ్ళు అంటే మై, మూడు అంటే త్రి, రెండూ కలిస్తే మైత్రి. ఇప్పుడు ‘నలుణ్ణి పీడించినవాడు విడిగా ఉంటే నలుగురితో కలిసిపోయే గుణమా? (4)’ అన్నదాన్ని చూడండి. ఇందులో ‘కలిసిపోయే’ ఆదేశం కాదు, అర్థంలోని భాగం. ‘విడిగా’ను చూసి అక్షరాలను విడదీయబోతే దారి తప్పినట్టే, ఎందుకంటే ‘విడి’ సమాధానంలో ఉన్న ముక్క. నలుణ్ణి పీడించినవాడు కలి, అతని పక్కన విడి చేరితే కలివిడి.

అర్థాన్నీ ఆదేశాన్నీ వేరుచేసే ఉపాయం ఒకటుంది. నేరుగా అర్థం చెప్పే భాగం దాదాపు ఎప్పుడూ ఆధారానికి మొదటనో చివరనో ఉంటుంది, నడుమ ఉండదు. ఆధారాన్ని రెండు చివరలనుంచీ చదివి, ఏ చివరి మాటలకు సమాధానమయ్యే పదం తోస్తుందో గమనించి, మిగిలిన భాగంలోని ప్రతి మాటకూ ఒక పని ఉందా అని చూడాలి. ఒక్క మాట పనిలేకుండా మిగిలినా, మీ సమాధానం ఎంత అందంగా కుదిరినా దాన్ని గడిలో రాయకండి. ‘ఒక తడవ గుంపు చేరితే ఏర్పడే ఎరుక (4)’లో తడవ అంటే పరి, గుంపు అంటే చయం, ‘చేరితే’ ఆదేశం, ఎరుక అర్థం. ప్రతి మాటకూ లెక్క తేలింది కనుక పరిచయం అని ధైర్యంగా రాయవచ్చు.

పర్యాయపదాల జాబితా ముందుపెట్టుకొని ఒక్కొక్కటే పెట్టి చూసే పద్ధతిని కొందరు సిఫారసు చేస్తారు. ఈ విషయంలో అది బొత్తిగా పనికిరాదు. స్నేహం, నేస్తం, నెయ్యం, మైత్రి, పొత్తు అన్నీ 2 గళ్ళలోనే పడతాయి. ఆధారం సూటిగా ‘చెలిమి (2)’ అని మాత్రమే ఉంటే ఊహకు పోకుండా, ఆ రెండు గళ్ళలో ఒకదాని గుండా పోయే మరో మాటను ముందు పూరించండి. ఈ ఐదు మాటలకూ మొదటి అక్షరాలు వేరు, రెండో అక్షరాలూ వేరు కనుక ఏ గడి తేలినా సరిపోతుంది.