ఇంటి అల్లం సోడా: సీసా పగిలితే, చప్పబడితే, జిగురొస్తే

ఇంట్లో బీరు చేసి సీసాల్లో పట్టే సరదా బయటి దేశాల్లో చాలామందికి ఉంది. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా అది నేరం, కాబట్టి ఆ ముచ్చటేదో అల్లం సోడాతో తీర్చుకోవాలి. సూత్రం ఒకటే: ఈస్ట్ పంచదార తిని గ్యాస్ వదులుతుంది, మూత బిగిస్తే ఆ గ్యాస్ లోపలే కరుగుతుంది. చల్లటి దేశాల వాళ్ళు రాసిన రోజుల లెక్కలు మాత్రం అమలాపురం, భీమవరం ఎండల్లో పనికిరావు.

సీసా పగిలింది, లేదా మూత తీయగానే సోడా అంతా పైకి చిమ్మింది

బీరు పూర్తిగా పులిశాక లీటరుకి 6 నుంచి 8 గ్రాముల పంచదార కలిపి సీసా కడతారు. అది అయిపోగానే గ్యాస్ పుట్టడం ఆగిపోతుంది. అల్లం సోడాలో లీటరుకి 80 గ్రాముల పైనే వేస్తాం. 4 గ్రాముల పంచదార పులిస్తే దాదాపు లీటరు గ్యాస్ వస్తుంది. మొత్తం పులిస్తే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి, ఏ గాజూ ఆగదు. దానికి కళ్ళెం ఫ్రిజ్ ఒక్కటే.

అందుకే రోజులు లెక్కపెట్టొద్దు. గాజు సీసాలతో పాటు ఒక ఖాళీ కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్ కూడా నింపి పక్కనే పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి బొటనవేలితో నొక్కి చూడండి. షాపులో కొన్న కొత్త బాటిల్‌లా గట్టిపడగానే అన్నీ ఫ్రిజ్‌లోకి. మే నెలలో దీనికి ఒక్క రోజు చాలొచ్చు. ఫ్రిజ్‌లో కూడా పులియడం నెమ్మదిస్తుందే గానీ ఆగదు, కరెంటు పోయి గంటలు గడిస్తే మళ్ళీ ఊపందుకుంటుంది. వారంలోపు తాగేయండి.

సీసాలు గ్యాస్ కోసం చేసినవే అయ్యుండాలి. అందంగా ఉన్నాయని పలకల సీసాలు, జ్యూస్ సీసాలు వాడొద్దు. గోలీసోడా సీసా మందమే, కానీ లోపలి గ్యాస్ నెడితేనే గోలీ మూతికి అతుక్కుంటుంది. హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటు అది. మన సోడాకి మొదట్లో ఆ ఒత్తిడే ఉండదు.

గాజు సీసా ఇప్పటికే బాగా గ్యాస్ పట్టిందని అనుమానమా? కళ్ళద్దాలు పెట్టుకుని, మందపాటి తువ్వాలు చుట్టి, కుదపకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. పూర్తిగా చల్లబడ్డాకే సింక్‌లో మూత కొద్దికొద్దిగా వదులు చేయండి.

అసలు గ్యాసే లేదు

ముందు మూత చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మూత బాగుంటే తోడు మీద, అంటే సోడా పులియడానికి కలిపే అల్లం, పంచదారల పులిసిన నీళ్ళ మీద అనుమానపడాలి. అల్లం, పంచదార వేసిన కొన్ని గంటలకే తోడులో బుడగలు రావాలి. రాకపోతే సీసా కట్టడం దండగ. అల్లం చెక్కు తీయకండి, ఈస్ట్ ఉండేది తొక్క మీదే. సోడా కోసం కాచిన పాకం గోరువెచ్చగా కూడా కాదు, పూర్తిగా చల్లారాక తోడు కలపండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తుంటే కాచి చల్లార్చండి. అంతర్వేది వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే క్యాన్ నీళ్ళే దిక్కు.

గ్లాసులో పోస్తే తీగలా సాగుతోంది

పంచదారను జిగురుగా మార్చే బ్యాక్టీరియా చేరింది. ఆ తోడుతో సహా పారబోయండి. స్టీలు గిన్నెలు, గరిటెలు మరిగే నీళ్ళలో ఉడికించండి. ప్లాస్టిక్ బాటిళ్ళు ఆ వేడికి ముడుచుకుపోతాయి, కొత్తవి తీసుకోండి.

తోడు మీద తెల్ల పొర

పలచగా, ముడతలుగా ఉంటే అది గాలిలోంచి చేరిన ఈస్ట్. ప్రమాదం లేదు గానీ రుచి చెడుతుంది, తీసేయండి. నూగుగా, పచ్చగానో నల్లగానో ఉంటే బూజు. మొత్తం పారబోయాల్సిందే.

తీపి పోయి పుల్లబడింది

ఎక్కువసేపు బయట ఉంది. పంచదార పోయిన మేరకు ఆల్కహాల్, పులుపు పెరుగుతాయి. సమయానికి ఫ్రిజ్‌లో పెట్టిన సోడాలోనూ కాస్త ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకి, గర్భిణులకి ఇవ్వకండి.

అడుగున మడ్డి

అది ఈస్ట్, ఉండాల్సిందే. సీసా కదపకుండా పైది వంచుకోండి.