మందుకు లొంగని బాక్టీరియా చేలోకి చేరకుండా పెంటను ఎలా మాగబెట్టాలి?

యాంటీబయాటిక్‌ను తట్టుకునే గుణం మట్టి బాక్టీరియాకు కొత్తది కాదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది కూడా మట్టిలోని ఒక బాక్టీరియా నుంచే. అయితే మనిషి వాడకం ఆ గుణాన్ని విపరీతంగా పెంచింది. నెదర్లాండ్స్‌లో 1940 నుంచి 2008 వరకు దాచిన మట్టి నమూనాలను పరీక్షిస్తే, మందును తట్టుకునే గుణాన్నిచ్చే నిరోధక జన్యువులు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ వచ్చినట్లు తేలింది. పశువుకో కోడికో ఇచ్చిన టెట్రాసైక్లిన్ వంటి మందులో చాలా భాగం పేడలో, మూత్రంలో అలాగే బయటికి వస్తుంది. ఆ మందును తట్టుకుని పేగులో బతికిన బాక్టీరియా కూడా పచ్చి పెంటతో పాటు చేలోకి చేరి, తన జన్యువులను అక్కడి బాక్టీరియాకు అందించగలదు.

అందుకే జాగ్రత్త దిబ్బ దగ్గర కాదు, పాకలోనే మొదలుకావాలి. పశువైద్యుడు రాయనిదే యాంటీబయాటిక్ ఇవ్వకండి, మేతలో అసలే కలపకండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జీవాలకు వాడడాన్ని మన దేశంలో 2019లోనే నిషేధించారు. మందు వాడుతున్న పశువు పేడను విడిగా పోయండి.

ఇక దిబ్బ వేయడం. పేడకైనా కోళ్ల పెంటకైనా వరిగడ్డి, ఎండుటాకులు బాగా కలిపి, మీటరుకు తగ్గని ఎత్తు, వెడల్పులతో పోయాలి. అంతకన్నా చిన్న కుప్ప వేడిని నిలుపుకోలేదు. పిడికిట్లో పట్టి పిండితే చేయి తడవాలి గానీ నీరు ధారగా కారకూడదు. తడపడానికి మురుగునీరు, పరిశ్రమల నుంచి వచ్చే నీరు పనికిరావు. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల పరిశ్రమల వ్యర్థజలాల్లో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అసాధారణ మోతాదులో ఉన్నట్లు 2007లోనే ప్రచురితమైంది.

కొద్ది రోజుల్లో దిబ్బ కాగుతుంది. ఇనుప కడ్డీని నడిమధ్యకు గుచ్చి, కాసేపటికి లాగి పట్టుకుంటే చేతికి చురుక్కుమనాలి. థర్మామీటర్ ఉంటే మరీ మంచిది: 55 డిగ్రీలకు తగ్గకుండా వరుసగా మూడు రోజులైనా ఉండాలి. ఆ తర్వాత అంచుల్లోని చల్లని పెంట లోపలికి వెళ్లేలా తిరగేసి, మళ్లీ అదే వేడి రానివ్వండి. ఈ తిరగేతను విడిచిపెడితే అంచుల్లోని బాక్టీరియా చెక్కుచెదరకుండా చేనికి చేరుతుంది కనుక, ఎంత శ్రమైనా దీన్ని మాత్రం మానవద్దు.

వేడి తగ్గాక రెండు మూడు నెలలు మాగనివ్వాలి. సిప్రోఫ్లోక్సాసిన్ కుటుంబపు మందులు మట్టిని గట్టిగా పట్టుకుని ఎక్కువ కాలం నిలుస్తాయి. జన్యువులన్నీ కూడా ఈ వేడికి నశించవు. కాబట్టి మాగిన ఎరువునైనా కొత్తిమీర, ముల్లంగి వంటి పచ్చిగా తినేవాటికి కాక, దుక్కిలో వేసి కలియదున్నండి.