తొలితరం క్రీడాకారిణి కథ రాయాలంటే ముందు రూల్స్ వెతకండి

బడిలో పీఈటీని కాబట్టి ఆటల మీద ప్రాజెక్టు అంటే పిల్లలు నా దగ్గరికే తెస్తారు. తొలితరం క్రీడాకారిణి గురించైతే పేరు, దేశం, పతకం రాసి సరిపెట్టేస్తారు. నేను ఒప్పుకోను. ఎవరు గెలిచారన్నది ఆఖర్న చూద్దాం, ఆ ఏడు ఆడవాళ్లని ఏ పోటీలోకి రానిచ్చారో ముందు చూడమంటాను.

ఒక కాగితం మీద సంవత్సరాలు వరసగా వేసుకుని ఎదురుగా ఆటలు నింపండి. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లే లేరు. 1900 పారిస్‌లో 997 మందిలో 22 మంది, వాళ్లలోనూ ఎక్కువగా టెన్నిస్, గోల్ఫ్ లాంటి కలవారి ఆటలే. ఈతకి 1912 దాకా, పరుగుకి 1928 దాకా ఆగాలి. చెమట కనిపించే ఆటలంటే పెద్దమనుషులకి అంత భయం!

ఇప్పుడు అడ్డు ఎక్కడొచ్చిందో వెతకండి. 1902లో ఫిగర్ స్కేటింగ్ (మంచు మీద స్కేట్లతో చేసే విన్యాసాలు) ప్రపంచ పోటీలకి ఇంగ్లండ్ అమ్మాయి మ్యాడ్జ్ సైయర్స్ పేరిచ్చింది. ఆడవాళ్లు రాకూడదని రూల్‌బుక్‌లో లేదు మరి. మగవాళ్లతో పోటీపడి స్వీడన్ ఆటగాడు సాల్కౌ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. ఆ వెంటనే ఆడవాళ్లకి ప్రవేశం లేదని రూల్ పెట్టారు. 1906లో వాళ్లకి వేరే పోటీ పెడితే అదీ ఆమే గెలిచింది. ఆస్ట్రేలియా ఈతగత్తెలు ఫ్యానీ డ్యురాక్, మీనా వైలీలకి అడ్డుపడింది ఇంటి దగ్గరి ఈత సంఘమే. మగవాళ్లు చూసేచోట ఆడవాళ్లు ఈదకూడదని దాని నిబంధన. జనం గోల చేశాక అది సడలింది. ఖర్చులు తామే కూర్చుకుని 1912 ఒలింపిక్స్‌కి స్టాక్‌హోమ్ వెళ్లి స్వర్ణం, రజతం ఇద్దరూ పంచుకున్నారు.

'మొట్టమొదటి విజేత' అని రాసేముందు ఎందులో మొదటో తేల్చండి. హెలెన్ ద పూర్తాలెస్ 1900 మే 22న పడవ పందెంలో జట్టుతో గెలిచింది. షార్లెట్ కూపర్ జూలై 11న టెన్నిస్ సింగిల్స్‌లో ఒంటరిగా గెలిచింది. పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది, అదీ చూసుకోండి. 1908లో వింబుల్డన్ గెలిచిన మిసెస్ స్టెర్రీ ఈ కూపరే. అదే పారిస్‌లో గోల్ఫ్ గెలిచిన మార్గరెట్ ఆబట్ తాను ఒలింపిక్ విజేతనని తెలియకుండానే 1955లో పోయింది. ఆ ఏడు పోటీలు పెద్ద ఎగ్జిబిషన్‌లో కలిసిపోవడంతో ఏది ఒలింపిక్కో ఆడేవాళ్లకే అంతుపట్టలేదు.

ఒలింపిక్స్ దగ్గరే ఆగిపోతే అసలు మనిషి దొరకదు. ఫ్రాన్స్‌కి చెందిన ఆలీస్ మిలియా గురించి తప్పకుండా చదవండి. అథ్లెటిక్స్‌లోకి ఆడవాళ్లని రానివ్వకపోతే 1921లో అంతర్జాతీయ సమాఖ్యే పెట్టి, 1922లో పారిస్‌లో సొంతంగా మహిళల ఒలింపిక్స్ నడిపింది. ఆ పేరుకి అభ్యంతరం రావడంతో 1926లో గోథెన్‌బర్గ్‌లో జరిగినవి మహిళల ప్రపంచ క్రీడలయ్యాయి. కాబట్టి రెండు పేర్లతోనూ వెతకాలి. జపాన్ అమ్మాయి కినుయె హితోమి మీకు అక్కడే ఎదురవుతుంది.

పాత పత్రికల్ని మాత్రం అనుమానంగా చదవండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ 800 మీటర్ల ఫైనల్ గురించి, సగంమంది మధ్యలో ఆగిపోయారని, మిగతావాళ్లు కుప్పకూలారని రాశారు. ఫలితాల పట్టిక తీయండి. పరుగెత్తింది 9 మంది, 9 మందీ పూర్తి చేశారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే 2:16.8లో ప్రపంచ రికార్డుతో గెలిచింది, హితోమి రెండోది. 800 మీటర్ల పరుగు తర్వాత రొప్పని మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అయినా ఆ రాతల పుణ్యమా అని ఆడవాళ్లకి ఆ పరుగు తీసేశారు, మళ్లీ 1960 రోమ్‌లో గానీ పెట్టలేదు. పతకాల జాబితాలో ఈ సంగతి ఉండదు, మీరే రాయాలి.